బండికి మైనం పూత: మెరుపు చూడాలా, మన్నిక చూడాలా?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను చెప్పబోయే విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. "కారుకూ స్కూటరుకూ మైనం రాయడం గురించి మనకెందుకమ్మా, అది మగవాళ్ల పని కదా" అనిపించవచ్చు. నేనూ ఒకప్పుడు అలా అనుకున్నదాన్నే. కానీ ఒక్కసారి ఆలోచించండి. బండి కొన్ననాడు గాజులు తీసి కుదువ పెట్టింది ఎవరు? నెలనెలా వాయిదా కట్టడానికి ఇంటి ఖర్చులో కోత పెట్టుకున్నది ఎవరు? పైగా మనలో చాలామందిమి ఇవాళ స్వయంగా బండి నడుపుకుంటున్నాం కూడా. బీరువాలో ఉన్న పట్టుచీరను ఏడాదికి రెండుసార్లు తీసి, గాలికి ఆరవేసి, మడత మార్చి పెట్టుకుంటాం. ఆ చీరకు ఎన్నో రెట్లు ఖరీదైన బండిని మాత్రం ఆకాశం కింద వదిలేసి ఊరుకుంటాం. ఇదేం న్యాయం చెప్పండి?

ఈ ఆలోచన నాకు ఊరికే రాలేదు. మా అక్క నష్టపోతే వచ్చింది. ఆ సంగతి ముందు చెప్పి, తర్వాత అసలు విషయంలోకి వస్తాను.

మా అక్కను ఎంకపల్లిలో ఇచ్చారు. మొయినాబాదు దగ్గర ఊరు. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లినవారికి ఆ చుట్టుపక్కల దారులు తెలిసే ఉంటాయి. 1920లో మూసీ మీద కట్టిన ఉస్మాన్ సాగర్, అదే మనం గండిపేట అంటామే ఆ చెరువు, 1927లో ఈసీ మీద కట్టిన హిమాయత్ సాగర్, రెండూ ఆ వైపువే. అక్కావాళ్లకు కొంచెం పొలం ఉంది. కూరగాయలు, పూలు వేస్తారు. రాకపోకలకని ఒక ఎర్రకారు కొన్నారు. షెడ్డు లేదు కాబట్టి వాకిట్లో వేపచెట్టు కింద పెట్టేవారు. ఏడేళ్లు వాడుకున్నారు. పెద్దవాడికి ఇంజనీరింగు సీటు వచ్చినప్పుడు ఫీజు కట్టడానికి ఆ కారు అమ్ముదామనుకున్నారు.

కొనడానికి వచ్చినాయన ఇంజను చూశాడు, బాగుందన్నాడు. టైర్లు చూశాడు, పర్వాలేదన్నాడు. తర్వాత పైకప్పు మీదా బానెట్ మీదా చెయ్యి వేసి చూశాడు. ఎర్రరంగు అక్కడక్కడ సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంది. పిట్టల రెట్టలు పడ్డచోట గుంటల్లాంటి మచ్చలు. తలుపు అంచున తుప్పు మొదలైంది. అనుకున్న ధరలో ముప్పై వేలు తగ్గించి ఇస్తానన్నాడు. అవసరం అక్కావాళ్లది కనుక ఒప్పుకున్నారు.

ఆ రాత్రి అక్క నాకు ఫోను చేసింది. "ఇంజన్ల ఏ వంకా లేదంటడు చెల్లె. పైన రంగు వోయిందని ముప్పై వేలు తగ్గించిండు. పిల్లగాని ఫీజుల అంత గాలికి వోయినట్టే గద" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. అంతకు ముందు ఏడాదే బండి కడిగేచోట ఎవరో "పైపూత వేస్తాం, అద్దంలా ఉంటుంది" అంటే డబ్బు పోసి వేయించారట. అద్దంలాగే మెరిసిందట. నెల తిరగకముందే ఆ మెరుపు పోయిందట.

మెహిదీపట్నంలో మా ఇంటి దగ్గర డెంటింగు, పెయింటింగు పని చేసే ఒక పెద్దాయన షెడ్డు ఉంది. నేను వెళ్లి అడిగాను, ఇలా ఎందుకు జరిగిందని. ఆయన పని ఆపి, ఓపికగా చెప్పాడు. ఆయన చెప్పినదీ, ఆ తర్వాత నేను చదివి, చేసి తెలుసుకున్నదీ కలిపి మీకు చెబుతున్నాను.

కారు రేకు మీద కనిపించే రంగు ఒక్క పూత కాదు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద నునుపు కోసం మరొకటి, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన నీళ్లలా పారదర్శకంగా ఉండే గట్టి పూత. ఈ నాలుగూ కలిపినా ఒక మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పైనున్న పారదర్శకమైన పూత అందులో సగానికన్నా తక్కువ. ఎండను, వానను, దుమ్మును కాచేది ఆ పలచని పొరే. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో ఈ పైపొర ఉండేది కాదు. అందుకే ఆ కార్లకు పాలిష్ పెడితే గుడ్డకు కారు రంగు అంటుకునేది. ఇప్పటి కార్లలో రంగు అంటుకోదు గానీ ఆ పైపొర అరిగితే మళ్లీ రాదు. కొత్తగా రంగు వేయించుకోవడమే దారి.

మైనం పూత ఆ పైపొర మీద మనం వేసే మరో పొర. ఎండా దుమ్మూ వచ్చి ముందు దాన్ని తినాలి. అది అరిగిపోతే మళ్లీ వేసుకుంటాం. అరగడానికే ఉన్న పొర అది. మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఆవకాయ జాడీలో పైన నూనె తేలకపోతే మనకు నిద్రపట్టదు. ఆ నూనె రుచి కోసం మాత్రమే కాదు, గాలీ తడీ ముక్కకు తగలకుండా ఉండటానికి. నూనె తగ్గితే కాచి చల్లార్చి మళ్లీ పోస్తాం. బండి మీద మైనం కూడా అంతే. మెరుపు అనేది దానితో వచ్చే కొసరు. అసలు బేరం కాపుదల.

ఇక చలికాలం మాట. "మన దగ్గర చలికాలం ఎంతమ్మా, మంచు కురుస్తుందా, గడ్డ కడుతుందా" అని మీరు అడగవచ్చు. మా పిన్ని కూతురు చికాగోలో ఉంటుంది. అక్కడ రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారట. ఆ ఉప్పునీళ్లు బండి కిందా పక్కలా చిమ్మి రేకును తినేస్తాయి. అందుకని చలి ముదరకముందే వాళ్లు గట్టి మైనం రాసి పెట్టుకుంటారు. బజారులో దొరికే చాలా డబ్బాల మీద చలికాలం గురించి రాసే మాటలు అలాంటి దేశాలను ఉద్దేశించినవి. మన ఇబ్బంది వేరు.

మన చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. రాత్రిపూట బండి పైకప్పు తన వేడినంతా ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. ఆ చల్లని రేకు మీద గాలిలోని తేమ చుక్కలై కూర్చుంటుంది. అదే మనం మంచు అంటాం. చెరువులూ పొలాలూ ఉన్న మొయినాబాదు, చేవెళ్ల వైపు ఈ మంచు నగరం మధ్యలో కంటే ఎక్కువ. పగలు రోడ్డు మీద లేచిన దుమ్మంతా ఆ తడిలో కలిసి బురదపూతలా అంటుకుంటుంది. పొద్దెక్కేసరికి ఎండ కాస్తుంది, తడి ఆరుతుంది, మచ్చ మిగులుతుంది. మర్నాడు మళ్లీ అదే. మూడు నెలలపాటు రోజూ ఇదే తంతు.

అలాగని చెట్టు కింద పెడదామంటే? చెట్టు కింద మంచు తక్కువ పడుతుంది, నిజమే. కొమ్మలు ఆకాశానికి అడ్డు కదా. కానీ పిట్టలు ఉంటాయి. హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా బిజాపూరు వెళ్లే దారిలో పేరుపడ్డ మర్రిచెట్లు మీలో చాలామంది చూసే ఉంటారు. రోడ్డు వెడల్పు చేసే మాట వచ్చినప్పుడల్లా ఆ మర్రుల గురించి ఎంత చర్చ జరిగిందో పత్రికల్లో చదివే ఉంటారు. ఎండపూట ఆ నీడ చూస్తే బండి ఆపాలనే అనిపిస్తుంది. ఆపితే ఆపండి గానీ, బయలుదేరేముందు పైకప్పు ఒకసారి చూసుకోండి. పిట్ట రెట్టలో ఆమ్లగుణం ఉంటుంది. అది రంగు మీద ఎండిపోతే, ఎండకు రేకు వేడెక్కితే, పైపొరను కొరికేస్తుంది. అక్క కారు మీది గుంటమచ్చలు అవే. ఏడేళ్ల వేపచెట్టు నీడకు పడ్డ మూల్యం అది.

ఇంతకీ ఏ మైనం కొనాలి? దుకాణంలో వరసగా డబ్బాలు పేర్చి ఉంటాయి. అన్నిటి మీదా మెరిసే కారు బొమ్మే ఉంటుంది. బొమ్మ చూసి కొంటే మోసపోతాం. లోపల ఏముందో, అది ఎన్నాళ్లుంటుందో చూసి కొనాలి. తేలికగా గుర్తుండేటట్టు నాలుగు రకాలుగా చెబుతాను.

మొదటిది తేనెమైనం కలిసినవి. తేనెమైనం మనకు తెలిసిందే. 62, 64 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరిగిపోతుంది. మన ఎండలో ముదురురంగు బండి బానెట్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది కదా. అక్కడ ఉత్త తేనెమైనం ఎక్కువ రోజులు నిలవదు.

రెండోది కార్నూబా మైనం. ఇది బ్రెజిల్ దేశంలో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీద ఊరుతుంది. కరువునేల ఎండలో తన ఆకుల్లోని నీరు ఆరిపోకుండా ఆ చెట్టు తనకు తాను వేసుకునే పూత అది. ఆ ఆకులను ఎండబెట్టి, దులిపి, మైనం తీస్తారు. మందుబిళ్లలకూ మిఠాయిబిళ్లలకూ పైన నిగనిగ రావడానికి కూడా దీన్నే వాడతారు. 82 నుంచి 86 డిగ్రీల దాకా కరగదు కనుక మన ఎండకు తేనెమైనం కంటే మేలు. మెరుపు కూడా లోతుగా, నిండుగా ఉంటుంది. అయితే ఒక సంగతి. ఉత్త కార్నూబా ఇటుకలా గట్టిగా ఉంటుంది, రాయడం కుదరదు. మెత్తబడటానికి నూనెలూ ద్రావకాలూ కలపక తప్పదు. కనుక డబ్బా మీద "నూటికి నూరుపాళ్లు కార్నూబా" అని ఉంటే, డబ్బా అంతా అదేనని అనుకోకండి. మన దగ్గర ఆరుబయట ఉండే బండి మీద ఇది సాధారణంగా నెల నుంచి రెండు నెలలు ఉంటుంది.

మూడోది ప్రయోగశాలలో తయారయ్యే సింథటిక్ పూత. దుకాణాల్లో "పెయింట్ సీలెంట్" అని అడిగితే ఇస్తారు. ఇది చెట్టు మైనమూ కాదు, తేనెమైనమూ కాదు. రంగుకు గట్టిగా పట్టుకునే పాలిమర్ పూత. మెరుపు కార్నూబా అంత నిండుగా ఉండదని కొందరంటారు. కానీ నిలుస్తుంది. జాగ్రత్తగా వేస్తే మూడు నుంచి ఆరు నెలల దాకా వస్తుంది. అంటే మన చలికాలమంతా కాచి, ఫాల్గుణంలో ఎండలు ముదిరేదాకా తోడు వస్తుందన్నమాట.

నాలుగోది చల్లి తుడిచే రకాలు, తక్షణ మెరుపు రకాలు. బండి కడిగేచోట ఎక్కువగా వాడేవి ఇవే. అయిదు నిమిషాల పని. అప్పటికి అద్దమే. కొన్ని వారాల్లో కడుగుడు నీళ్లతో పాటే పోతాయి. అసలు పూత మీద మధ్యమధ్య ఊతంగా వాడుకుంటే మంచివే. ఒంటరిగా వీటిని నమ్ముకుంటే అక్క కారుకు జరిగిందే జరుగుతుంది.

వీటితో పాటు పాలిష్ అనీ, రబ్బింగ్ కాంపౌండ్ అనీ, క్లీనర్ వ్యాక్స్ అనీ డబ్బాలుంటాయి. పాలిష్ వేరు, మైనం వేరు. పాలిష్‌లోనూ కాంపౌండ్‌లోనూ గీకే పొడి ఉంటుంది. అది పైపొరను కాస్త అరగదీసి నునుపు చేస్తుంది. పాత బండికి ఒకసారి అవసరం కావచ్చు. కానీ మెరుస్తోంది కదా అని నెలనెలా రాస్తే, ఇత్తడి బిందెను రోజూ చింతపండుతో తోమి తోమి పలచబరచినట్టే అవుతుంది. కొనేముందు డబ్బా వెనక చదవండి. కళ్లజోడు ఇంట్లో మరిచిపోతే దుకాణంలో పిల్లవాణ్ని చదవమనండి. మొహమాటం అక్కర్లేదు.

ఇంట్లో దొరికేవాటితో సరిపెడదామని కూడా అనిపిస్తుంది. కొబ్బరినూనె రాసేవాళ్లను చూశాను. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకుపోవడం మనకు తెలుసు కదా. బండి మీదా అలాగే పేరుకుని, ఊరి దుమ్మునంతా పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. కిరోసిను, డీజిలు గుడ్డతో తుడిస్తే మెరుస్తుంది గానీ అదీ దుమ్మును పట్టేస్తుంది, రబ్బరును పాడుచేస్తుంది. నిప్పు భయం సరేసరి. నేలకూ చెక్కసామానుకూ రాసే పాలిష్‌లు వాటికే.

మరి మన ఇంటికి ఏది సరిపోతుంది? ఇది తేల్చడానికి రెండు ప్రశ్నలు చాలు. బండి రాత్రిపూట ఎక్కడ ఉంటుంది? పూత వేసే చెయ్యి ఎవరిది? అపార్టుమెంటు కింద సెల్లారులో ఉండే బండి అయితే మంచు లేదు, పిట్ట లేదు. కార్నూబా చాలు, మెరుపూ దక్కుతుంది. రోడ్డు పక్కనో వాకిట్లోనో ఆరుబయట ఉండే బండి అయితే మూడో రకమే మేలు. నెలకోసారి రాసే ఓపిక ఉన్నవాళ్లు ఏది కొన్నా పర్వాలేదు. నాలాగా, అక్కలాగా "ఏడాదికి రెండుసార్లు చేస్తే గొప్ప" అనుకునేవాళ్లు ఎక్కువకాలం నిలిచేదే కొనుక్కోవాలి. ఖరీదు కొన్ని వందల రూపాయల నుంచి వెయ్యి దాటేదాకా ఉంటుంది. ఒక్కసారికి పట్టేది చాలా కొంచెం కనుక ఒక డబ్బా ఎన్నోసార్లకు వస్తుంది.

వేసే కాలం కూడా చెబుతాను. అక్టోబరు నడిమికి మన వానలు వెనక్కి తగ్గుతాయి. దసరాకూ దీపావళికీ మధ్య ఒక ఆదివారం చూసుకోండి. వీలైతే ఆయుధపూజకు ముందే వేస్తే ఇంకా మంచిది. పూజనాడు బండికి పెట్టే పసుపు, కుంకుమ, చిట్లిన కొబ్బరినీళ్లు, నిమ్మరసం, వీటి మరకలు పూత మీద ఉంటే తేలిగ్గా పోతాయి. ఉత్త రంగు మీద, అందులోనూ తెల్లబండి మీద, రోజులకొద్దీ ఉంచితే మొండికేస్తాయి. పూజ అయిన మర్నాడే కడిగేస్తే అమ్మవారేమీ అనుకోదు.

వేసే పద్ధతి ఇది. ముందు నిండా నీళ్లు పోసి దుమ్ము జారిపోనివ్వాలి. రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదానిలో ఉత్త నీళ్లు. గుడ్డను ఉత్త నీళ్లలో జాడించి మళ్లీ షాంపూ నీళ్లలో ముంచాలి. లేకపోతే తుడిచిన ఇసుకే తిరిగి బండి మీద రుద్దినట్టు. గిన్నెలు తోమే సబ్బునీళ్లు వాడకండి. జిడ్డు వదిలించడమే దాని పని, మీరు కష్టపడి వేసిన మైనాన్ని కూడా జిడ్డనుకుని వదిలిస్తుంది.

బోరునీళ్లు ఉప్పునీళ్లయితే చుక్కలు ఆరనివ్వకుండా వెంటనే తుడవాలి. లేకపోతే మన స్టీలు గిన్నెల మీద పడినట్టే తెల్లమచ్చలు పడతాయి. తుడిచాక ఒక పలచని ప్లాస్టిక్ సంచి చేతికి తొడుక్కుని రేకు మీద మెల్లగా పోనివ్వండి. ఉత్త చేతికి తెలియని గరుకు అప్పుడు తెలుస్తుంది. గరుకు ఎక్కువుంటే దాన్ని తీసే క్లే అనే బంకముద్ద దొరుకుతుంది. తడి చేసి, నొక్కకుండా జరపాలి.

తర్వాత నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, పూత వేయాలి. ఎండలో వేస్తే అంటుకుపోయి చారలు పడుతుంది. ఇక్కడ మనవాళ్లంతా చేసే తప్పు ఒకటుంది. మందంగా పూస్తే ఎక్కువ రోజులు ఉంటుందనుకుంటారు. ఉండదు. రంగును అంటుకున్న పలచని పొరే నిలుస్తుంది, మిగతాదంతా గుడ్డకు పోతుంది. పెసరట్టు పిండి పరిచినట్టు కాదు, పెనానికి ఉల్లిపాయ చెక్కతో నూనె రాసినట్టు రాయాలి. ఒక తలుపు, ఒక రెక్క, ఇలా కొంచెం కొంచెంగా. డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, వేలితో ఒక గీత గీసి చూడండి. గీత శుభ్రంగా వస్తే ఆరినట్టు. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి. సీలెంట్ అయితే ఆ రోజంతా తడి తగలకుండా ఉంచితే మంచిది. కనుక ఉదయమే పని ముగించుకుని, రాత్రి మంచుకు కవరో నీడో చూసుకోండి.

స్కూటరు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఇది మాత్రం మరిచిపోవద్దు. రంగు వేసిన రేకుకూ, ప్లాస్టిక్ బాడీకీ రాయవచ్చు. సీటుకు, కాళ్లు పెట్టుకునేచోట, టైర్లకు, బ్రేకు డిస్కుకు మైనం తగలకూడదు. సీటు జారినా, బ్రేకు జారినా పోయేది రంగు కాదు, ప్రాణం. నిగనిగలేని మ్యాట్ రంగు బండ్లకు మామూలు మైనం రాయకండి, మచ్చలుగా మెరుస్తుంది.

వేసిన పూత ఇంకా ఉందో లేదో తెలుసుకోవడానికి ఏ మెకానిక్కూ అక్కర్లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు వేయడానికి బయటికి వస్తాం కదా. అప్పుడు బండి మీది మంచును చూడండి. చుక్కలు తామరాకు మీద నీళ్లలా గుండ్రంగా నిలబడి ఉంటే పూత బతికి ఉంది. నీళ్లు చదునుగా పరుచుకుపోయి ఉంటే మళ్లీ వేసే వేళ దగ్గరపడింది. దుమ్ము పట్టినా చుక్క సరిగా నిలవదు, అందుకని ఒకసారి కడిగి చూసి తేల్చుకోండి.

ఆ పొద్దునే ఇంకో అలవాటు కూడా గమనించండి. మంచు, దుమ్ము కలిసిన బండిని మన ఇంటాయనో డ్రైవరో పొడిగుడ్డ తీసుకుని బరబరా తుడిచేస్తారు. అది గుడ్డ కాదు, గరుకు కాగితం. ఎన్ని వందలు పెట్టి మైనం వేసినా ఆ ఒక్క అలవాటు చాలు దాన్ని అరగదీయడానికి. నీళ్లు పోశాకే తుడవమనండి. నీళ్లు లేకపోతే అద్దాలు మాత్రం తుడుచుకుని, మిగతాది అలాగే వదిలేయమనండి. పిట్ట రెట్ట పడితే మాత్రం వాయిదా వేయకండి. తడిగుడ్డ దాని మీద రెండు నిమిషాలు ఉంచి, నానాక పైకి ఎత్తి తీసేయాలి. రుద్దకూడదు. మైనం ఆ రెట్టను ఆపదు, మీరు వచ్చేదాకా కొంత గడువు ఇప్పిస్తుంది, అంతే.

అలాగే మైనం చేయలేని పనులు కూడా తెలిసి ఉండాలి. తెల్లబడి పొరలు లేచిన రంగును అది తిరిగి తేలేదు. లోతైన గీతను పూడ్చలేదు. మొదలైన తుప్పును ఆపలేదు. చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈమధ్య సిరామిక్ కోటింగ్ అని వేలకు వేలు అడుగుతున్నారు. అది అబద్ధపు వస్తువేమీ కాదు. గట్టిదే, సరిగా వేస్తే మైనం కంటే చాలాకాలం ఉంటుంది. కానీ వేసేముందు రంగును సరిచేసే పని పద్ధతిగా జరగాలి, వేశాక కూడా కడుగుడు, జాగ్రత్త తప్పవు. ఎన్నేళ్లకు హామీ, ఏం జరిగితే హామీ పోతుంది అన్నది కాగితం మీద రాయించుకోకుండా డబ్బు ఇవ్వకండి. పట్టుచీర కొన్నప్పుడు జరీ అసలుదా కాదా అని పదిసార్లు తిప్పి చూసే మనం, ఇక్కడ ఒక్క ప్రశ్న అడగడానికి ఎందుకు వెనకాడాలి?

చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడ నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారును చూసే ఉంటారు. 1912 నాటిది. ఇవాళ్టికీ పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. దానికి నీడ ఉంది, చూసుకునే మనుషులున్నారు, ఊరంతా తిరగాల్సిన పని లేదు. మన బండికి అవేవీ లేవు. పిల్లల్ని బడికి దింపాలి, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, సంతకు వెళ్లాలి, రాత్రికి ఆకాశం కింద పడుకోవాలి. అందుకే దానికి మనం ఏడాదికి రెండు పూటలు ఇవ్వాలి. ఒకటి చలికాలానికి ముందు, ఒకటి ఎండాకాలానికి ముందు.

ఇప్పుడు మళ్లీ మా అక్క దగ్గరకు వస్తాను. కొడుకు చదువు రెండో ఏడు నడుస్తుండగా వాళ్లు మరో కారు తీసుకున్నారు. పాతదే, నీలంరంగుది. కొన్న వారానికే నేను సీలెంట్ డబ్బా పట్టుకుని ఎంకపల్లి వెళ్లాను. అక్కాచెల్లెళ్లం ఇద్దరం కొంగు నడుముకు దోపుకుని పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా ఆ పని చేశాం. బావ అరుగు మీద కూర్చుని "గిద్దరాడోళ్లు కారు మీద వడ్డరు" అని నవ్వాడు. నవ్వినాయనే మర్నాడు కారును వేపచెట్టు కింద నుంచి తీసి, కొట్టం పక్కన నాలుగు రేకులతో చిన్న చూరు దింపాడు.

మొన్న కార్తీకం వెళ్లాక ఒక పొద్దున అక్క ఫోను చేసింది. వాకిలి ఊడుస్తూ చూసిందట.

"చెల్లె, బానెట్ మీద చుక్కలు గుండ్రంగనే ఉన్నయిగని, పైకప్పు మీద నీళ్లు పరుచుకపోతున్నయే. మల్ల రాయాల్నా?"

"రాయాల్సిందే అక్కా. ముందు కడిగి చూడు."

"డబ్బాల ఇంక సగం మీదనే ఉన్నది. నువ్వు రాకున్నా నేనే రాస్త తియ్యి" అంది.

మీ ఇళ్లలోనూ రేపు పొద్దున ముగ్గు వేశాక, బండి వైపు ఒకసారి చూడండి. చుక్క గుండ్రంగా ఉందా, పరుచుకుపోయిందా? మిగతాదంతా మీకే తెలుస్తుంది.